పరాయి మిఠాయి, తెలిసిన పాకం

అమెరికా మహానగరాల శివార్లలో ‘ఇంటర్నేషనల్ మార్కెట్’ అనే బోర్డుతో నడిచే పెద్ద కిరాణా దుకాణాల్లో సరుకును సాధారణంగా దేశాలవారీగా సర్దుతారు. కొరియాకు ఒక వరుస, మెక్సికోకు ఒక వరుస, టర్కీ, లెబనాన్, గ్రీసులకు కలిపి మరొకటి, పప్పులూ పొడులూ ఊరగాయ సీసాలూ నిండిన భారతీయ వరుస ఇంకొకటి అన్నట్టుగా ఉండే ఈ అమరిక వలస వచ్చినవారి సౌకర్యం కోసం ఏర్పడినది కనుక, చిన్ననాడు తిన్న బిళ్లను వెతుక్కుంటూ వచ్చినవారు నేరుగా తమ వరుసకు వెళ్లి దాన్ని బుట్టలో వేసుకోగలుగుతారు. తెలియని తినుబండారాలను తెలుసుకోవాలన్న కుతూహలంతో వచ్చినవారికి మాత్రం ఇది అంతగా ఉపకరించదు. ఒకే పదార్థం, ఒకే వంట పద్ధతి నాలుగైదు జెండాల కింద విడివిడిగా పడి ఉండటంతో వాటి మధ్య ఉన్న చుట్టరికం కంటికి ఆనదు. దేశం పేరును పక్కనపెట్టి, ఆ మిఠాయి దేనితో బిగిసింది, పిండితోనా, నూనెగింజల ముద్దతోనా, జంతువుల ఎముకల నుంచి తీసిన బంకతోనా, సముద్రపు నాచుతోనా అన్న ప్రశ్నతో అరలను చూడటం మొదలుపెడితే, తీగపాకానికీ ఉండపాకానికీ తేడా తెలిసిన తెలుగు వంటింటికి వాటిలో చాలా భాగం అర్థమవుతుంది.

ఈ దుకాణాల చరిత్ర మరీ పాతదేమీ కాదు. పుట్టిన దేశాన్ని బట్టి వలసలకు కోటాలు విధించే పద్ధతిని రద్దు చేస్తూ అమెరికా 1965లో తెచ్చిన చట్టం తరువాత ఆసియా నుంచి వచ్చేవారి సంఖ్య పెరగటంతో, వారి వంటకు కావలసిన సరుకు తెప్పించే కొట్లు ఒకటొకటిగా వెలిశాయి. 1974లో చికాగో డెవాన్ అవెన్యూలో తెరిచిన పటేల్ బ్రదర్స్, 1982లో న్యూయార్క్ క్వీన్స్‌లోని వుడ్‌సైడ్‌లో మొదలైన హెచ్ మార్ట్, 1984లో దక్షిణ కాలిఫోర్నియాలో వియత్నాం వలసదారులు ఎక్కువగా స్థిరపడిన వెస్ట్‌మిన్‌స్టర్‌లో ప్రారంభమైన 99 రాంచ్ మార్కెట్, ఇవన్నీ ఒక్కొక్క సమాజపు అవసరం నుంచి పుట్టి గొలుసు దుకాణాలుగా ఎదిగినవే. అన్ని దేశాల సరుకునూ ఒకే కప్పు కిందికి తెచ్చిన, ఒహాయో రాష్ట్రం ఫెయిర్‌ఫీల్డ్‌లోని జంగిల్ జిమ్స్ వంటివి వేరే తరగతికి చెందుతాయి. 1971లో రోడ్డు పక్కన కూరగాయల అంగడిగా మొదలైన ఆ దుకాణాన్ని ఇప్పుడు జనం విహారయాత్రకు వెళ్లినట్టు వెళ్లి చూసివస్తారు. కొత్త తిండిని వెతికేవారికి ఈ రెండో తరగతి అనువైనదే గాని, తాజాదనం విషయంలో మొదటి తరగతిదే పైచేయి అని చెప్పవలసి ఉంటుంది, ఎందుకంటే రోజూ కొనేవారు ఉన్న చోట డబ్బాల మీద దుమ్ము పేరుకోదు.

గంజిపిండి, నువ్వులు, వేరు నురుగు

పశ్చిమాసియా అరలో ముందుగా కంటపడేది పంచదార పొడి అద్దిన చదరపు ముక్కల పెట్టె. ఇంగ్లిషువారు టర్కిష్ డిలైట్ అని పిలిచే ఈ మిఠాయిని టర్కీలో లోకుం అంటారు. 1777లో ఇస్తాంబుల్‌లో తెరిచినట్టు చెప్పుకునే హాజీ బెకిర్ దుకాణం పేరు దీనితో విడదీయరానంతగా ముడిపడిపోయింది. పంచదార పాకంలో మొక్కజొన్న గంజిపిండిని, అంటే మన అంగళ్లలో కార్న్‌ఫ్లోర్ పేరుతో దొరికే తెల్లని పిండిని కలిపి, సన్నని సెగ మీద గంటకు పైగా తిప్పుతూ నీటిని ఇగరబెట్టి, పళ్లెంలో పోసి ఆరబెట్టి కోయటమే దీని తయారీ. గోధుమలను నానబెట్టి రుబ్బి తీసిన పాలతో చేసే మాడుగుల హల్వా తెలిసినవారికి ఇందులో కొత్త సూత్రమేమీ లేదు. పాకంలో ఉడికిన పిండి రేణువులు నీటిని పీల్చుకుని ఉబ్బి, చల్లారాక ఒకదానినొకటి పట్టుకుని బిగుస్తాయి. తేడా అంతా నెయ్యి దగ్గర వస్తుంది. మాడుగుల హల్వా నేతి వల్ల పళ్లకు అంటకుండా జారిపోతుంది. లోకుంలో నెయ్యి చుక్క కూడా ఉండదు కనుక ముక్కను కొరికినప్పుడు పళ్లు నిదానంగా లోపలికి దిగి, అంతే నిదానంగా బయటికి వస్తాయి. పాకం పలుకు తేలకుండా ఉండటానికి అందులో కాస్త పులుపు చేరుస్తారు. పులుపు తగిలిన పంచదారలో కొంత భాగం గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోయి, మిగిలిన దాన్ని మళ్లీ స్ఫటికాలుగా పేరుకోనివ్వదు. గులాబ్‌జామ్ పాకంలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండే అలవాటు వెనుక ఉన్న కారణమూ ఇదే. పన్నీటి వాసన గిట్టనివారు పిస్తా వేసినదాన్నో, గ్రీసు దేశపు ఖియోస్ దీవిలో చెట్టు బెరడుకు గాటు పెట్టి సేకరించే మస్తిక్ అనే జిగురు వేసినదాన్నో ఎంచుకోవచ్చు గాని, మస్తిక్‌ది సరళవృక్షాల బంకను గుర్తుచేసే ఘాటు కనుక అందరికీ తొలిసారే రుచిస్తుందని చెప్పలేము.

అదే అరలో దిమ్మలుగా అమ్మే నువ్వుల హల్వాకు తెలుగు నేల మీద అతి దగ్గరి బంధువు చిమ్మిలి. చిమ్మిలికి నువ్వులనూ బెల్లాన్నీ రోట్లో కలిపి దంచితే సరిపోతుంది. హల్వాకు మాత్రం పొట్టు తీసిన నువ్వులను జారుగా నూరి తహీనీ అనే ముద్దను చేసుకుని, దానిలో నురుగు కట్టించిన వేడి పాకాన్ని కలపాలి. ఆ నురుగును తెప్పించేది ఒక మొక్క వేరును ఉడికించి తీసిన కషాయం. ఆ వేరులో సపోనిన్లు అనే పదార్థాలు ఉంటాయి. తలంట్లకు వాడే కుంకుడుకాయ నురగ ఇవ్వటానికీ ఈ తరగతి పదార్థాలే కారణం. కషాయంతో కలిపి బాగా గిలకొట్టిన పాకం తెల్లగా పొంగి, గాలిబుడగలతో తేలికవుతుంది, దాన్ని వేడి మీదనే తహీనీలో వేసి మెల్లగా మడతలు పెడుతూ పిసికితే పంచదార సన్నని పోగులుగా సాగుతుంది. అందువల్లనే మంచి హల్వా దిమ్మను విరిచి చూస్తే నిలువునా నారలు కనిపిస్తాయి, నోట్లో వేసుకోగానే అది ముందు పొడిగా రాలి, ఆ తరువాత నూనె కరిగి ముద్దవుతుంది. నారలు లేకుండా సుద్దముక్క విరిగినట్టు విరిగే దిమ్మ పాతబడినదో, తొందరలో చేసినదో అయి ఉంటుంది. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో 1907లో మొదలైన జోయ్వా కంపెనీ దీన్ని అమెరికాలోనే తయారుచేస్తుంది కనుక ఇది దిగుమతి సరుకే కానక్కరలేదు. నువ్వులు పడనివారి సంఖ్య తక్కువేమీ కాకపోవటంతో, 2023 జనవరి 1 నుంచి అమెరికాలో ప్యాకెట్ల మీద తప్పక పేర్కొనవలసిన అలర్జీ పదార్థాల జాబితాలో నువ్వులు తొమ్మిదవదిగా చేరాయి. ఇదే కుటుంబంలో టర్కీవారి పిష్మానియే కూడా ఉంది. వెన్నలో వేయించిన పిండిని సాగదీసిన పాకంతో కలిపి లాగే ఆ దారాల ఉండ సోన్‌పాపిడికి తోబుట్టువు అని ఒక్క చిటికెడు తింటేనే తెలిసిపోతుంది.

బంక ఎక్కడిది?

రంగురంగుల జెల్లీ బిళ్లల ముందు నిలబడిన శాకాహారికి ఎదురయ్యే చిక్కు ఇంకొక రకమైనది. చాలా జెల్లీలను బిగించేది జెలటిన్, అంటే పందుల, పశువుల చర్మాన్నీ ఎముకలనూ ఉడికించి తీసే మాంసకృత్తు. జర్మనీకి చెందిన హారిబో కంపెనీ ఎలుగుబంటి బిళ్లలు సాధారణంగా పంది జెలటిన్‌తో తయారవుతాయి, అదే కంపెనీ టర్కీ కర్మాగారం నుంచి వచ్చేవాటిలో పశువుల జెలటిన్ ఉంటుంది. హలాల్ ముద్ర కనబడగానే శాకాహారమని అనుకోవటం పొరపాటే అవుతుంది. జెలటిన్ శరీరపు వేడి దగ్గరే కరుగుతుంది కనుక దానితో చేసిన బిళ్ల నోట్లో మెల్లగా కరిగి రసమవుతుంది. తూర్పు ఆసియా అరల్లో దొరికే అగర్ జెల్లీ అలా కరగదు. సముద్రపు ఎర్ర నాచుల నుంచి తీసే అగర్, అంటే భారతదేశంలో చైనాగ్రాస్ పేరుతో అమ్మే పదార్థం, సుమారు 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకట్టి, మళ్లీ కరగటానికి దాదాపు 85 డిగ్రీల వేడి కోరుతుంది. నాలుక వేడికి అది లొంగదు కనుక పటుక్కున తెగి ముక్కలవుతుంది, సాగదు. కరిగే జెల్లీకి అలవాటుపడినవారికి ఈ తెగటం వింతగా ఉంటుంది, జపానువారు మాత్రం దానినే మెచ్చుకుంటారు.

చిన్న ప్లాస్టిక్ గిన్నెల్లో, పై రేకు ఒలిచి ఒక్కసారిగా నోట్లోకి పీల్చుకునే జెల్లీల కథ ఇంత తేలికైనది కాదు. వాటిని బిగించిన కొంజాక్ అనే దుంప కందగడ్డకు చాలా దగ్గరి జాతి. వృక్షశాస్త్రం రెంటినీ ఒకే ప్రజాతిలో చేర్చింది. కందగడ్డలో పిండి ఎక్కువ, కొంజాక్‌లో గ్లూకోమన్నన్ అనే పీచు ఎక్కువ. ఆ పీచు తన బరువుకు ఎన్నో రెట్లు నీటిని పట్టుకుని, నోట్లో కరగని, పళ్లకు తేలికగా నలగని గట్టి జెల్లీగా మారుతుంది. గిన్నె నుంచి పీల్చినప్పుడు ఆ ముక్క నేరుగా గొంతులోకి జారి, కరగక అక్కడే ఇరుక్కుని పలు దేశాల్లో పిల్లలు చనిపోవటంతో, 2001లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఈ చిన్న గిన్నెల జెల్లీలపై హెచ్చరిక జారీచేసి దిగుమతులను అడ్డుకుంది, యూరోపియన్ యూనియన్ కూడా ఆ తరువాత నిషేధించింది. ఇప్పుడు అరల్లో కనిపించే గిన్నెల్లో ఎక్కువగా సముద్రపు నాచు నుంచి తీసిన వేరే బంకలే ఉంటాయి, అయినా పసిపిల్లలకు వాటిని చెంచాతో ముక్కలు చేసి పెట్టటమే మంచిది. ఫిలిప్పీన్స్ సీసాల్లో కనిపించే నాటా డి కోకో అనే తెల్లని ఘనాల కథ వేరు. కొబ్బరినీళ్లను పులియబెట్టినప్పుడు ఒక బాక్టీరియా అల్లే సెల్యులోజు పొరను ముక్కలుగా కోస్తే వచ్చేది అది.

బిళ్లల మెరుపు విషయంలోనూ ఒక మాట చెప్పుకోవాలి. పదార్థాల పట్టికలో ‘కన్ఫెక్షనర్స్ గ్లేజ్’ అని రాసి ఉంటే అది లక్క, అంటే తలుపులకూ బొమ్మలకూ మెరుగు పెట్టటానికి వాడే లక్కపురుగు స్రావమే. ‘కార్మైన్’ అని ఉంటే ఆ ఎరుపు ఒక రకం పురుగులను ఎండబెట్టి తీసినది. రెండూ తినదగినవిగా అనుమతి పొందినవే అయినా, తెలిసి తినటం వేరు.

బియ్యపు తెర, పప్పు పూర్ణం

చైనా అరలోని వైట్ ర్యాబిట్ పాల మిఠాయి, జపాను అరలోని బొంతాన్ అమె రెండింటిలోనూ పై కాగితం విప్పాక లోపల మరొక పలుచని తెర కనిపిస్తుంది, దానిని ఒలవటానికి గోళ్లతో గీకుతూ నిలబడేవారిని దుకాణాల్లో చూడవచ్చు. అది గంజిపిండితో చేసిన తినే కాగితం. నాలుక తడికి క్షణంలో కరిగిపోతుంది, బిళ్ల కాగితానికి అంటుకోకుండా కాపాడటమే దాని పని. గోదావరి తీరంలోని ఆత్రేయపురంలో బోర్లించిన కుండ మీద పలుచని బియ్యపు జావలో తడిపిన గుడ్డను ఒక్కసారి పరిచి లాగి తీసే పూతరేకు ఈ తెరకంటే ఎక్కువ నేర్పు కోరే పని అయినా, సూత్రం ఒకటే: పలుచగా పరిచిన పిండి నీరు ఆవిరైపోగానే తెరగా నిలుస్తుంది. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన పూతరేకు ఆ తెరనే మిఠాయిగా మలచింది, తూర్పు ఆసియా దానిని చుట్టుకాగితం దగ్గరే వదిలిపెట్టింది. వైట్ ర్యాబిట్‌కు ఒక రాజకీయ ఖ్యాతి కూడా ఉంది. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా వెళ్లినప్పుడు ప్రధాని చౌ ఎన్‌లై దీనిని ఆయనకు బహూకరించారు.

జపాను మోచి ఉండలు జిగురు బియ్యంతో చేసినవి. మామూలు బియ్యంలోని పిండిలో అమైలోజ్, అమైలోపెక్టిన్ అని రెండు రకాలు కలిసి ఉంటాయి. జిగురు బియ్యంలో దాదాపు అంతా రెండోదే ఉండటంతో, దంచిన అన్నం విడివడక రబ్బరులా సాగుతుంది. అరిసెల పిండికి ఈ బియ్యం వాడితే చలిమిడి చేతికి చిక్కదు. మోచి లోపల నింపే ఎర్ర చిక్కుడు గింజల తీపిముద్ద, జపానులో ఆంకో అనేది, పాశ్చాత్య కొనుగోలుదారులను తరచుగా వెనక్కు తిప్పిపంపే వస్తువు. చిక్కుళ్లు వారి భోజనంలో ఉప్పుతో, మాంసంతో కలిసేవే గాని పంచదారతో కలిసేవి కావు. శనగపప్పు ఉడికించి బెల్లం కలిపి పూర్ణం చేసే ఇంటివారికి ఇందులో వెరపు కలిగించేదేమీ ఉండదు, పైగా ఏలకుల వాసన లేదన్న వెలితే తోస్తుంది. 1874లో టోక్యోలోని కిమురాయా దుకాణం రొట్టెలో ఆంకోను పొదిగి ఆన్‌పాన్ చేసి, మరుసటి ఏడాది మెయిజీ చక్రవర్తికి సమర్పించటంతో జపానువారికి రొట్టె తినటం అలవాటైంది. కొత్త తిండి పాత పూర్ణాన్ని పట్టుకుని ఇంట్లోకి వచ్చిందన్నమాట.

మెక్సికో అరలో పరాయితనం ఇంకా తక్కువ. చింతపండు గుజ్జులో పంచదార, ఉప్పు, కారం కలిపి పట్టీలుగా చేసిన పుల్పరిండో, శంకువు ఆకారంలో పోసిన పిలోన్సియో అనే బెల్లం, వేరుశనగ పొడినీ పంచదారనూ నొక్కి బిళ్లగా చేసిన మసాపాన్, వీటిలో తెలుగు నాలుకకు తెలియని దినుసు ఒక్కటీ లేదు. స్పెయిన్‌లో బాదంతో చేసే మసాపాన్ మెక్సికోలో స్థానికంగా దొరికే వేరుశనగకు మారింది. చింత అటు వెళ్లింది, వేరుశనగ, మిరప అటునుంచి ఇటు వచ్చాయి. మసాపాన్ బిళ్ల ఎంత పెళుసుగా ఉంటుందంటే, కాగితం విప్పేటప్పుడు అది పగలకుండా బయటికి తీయటం పిల్లల మధ్య పందెంగా మారింది. కారం, చింతపండు కలిసిన మిఠాయిల్లో సీసం పాళ్లు ఎక్కువగా కనిపించిన ఉదంతాల తరువాత, చిన్నపిల్లలు తరచుగా తినే మిఠాయిల్లో సీసం పది లక్షల పాళ్లలో 0.1కి మించరాదని అమెరికా 2006లో సిఫార్సు చేసింది. అందుచేత పేరూ ఊరూ లేని పొట్లాలకంటే, పదార్థాల పట్టికా తయారీదారు పేరూ ఉన్న ప్యాకెట్టు మేలు.

కళాయి వాసన

ఇంత చుట్టరికం చూశాక, నిజంగా పరాయిదైన వస్తువేదైనా ఉందా అంటే, ఉత్తర ఐరోపా అరలోని సాల్మియాక్ దగ్గర ఆగవలసిందే. ఫిన్లాండ్, స్వీడన్, డెన్మార్క్, నెదర్లాండ్స్ ప్రజలు ఇష్టంగా తినే ఈ నల్లని బిళ్లలో రెండు ప్రధానమైన దినుసులు ఉంటాయి. ఒకటి అతిమధురం వేరు సారం, రెండోది నవాసారం. రెండో పేరు ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టించుకున్న తరానికి బాగా తెలుసు. ఎర్రగా కాలిన గిన్నె లోపల నవాసారం పొడి చల్లగానే తెల్లని పొగ గుప్పున లేచి, ముక్కుపుటాలను మండించేది. ఆ పొడి లోహం మీది మకిలిని తొలగించి తగరం అంటుకునేలా చేసేది. రసాయనశాస్త్రంలో అమ్మోనియం క్లోరైడ్ అనే ఆ పదార్థాన్నే ఐరోపా మందుల దుకాణాలు కఫం కరిగించటానికి దగ్గు మందుల్లో కలిపేవి, అక్కడి నుంచి అది బిళ్లల్లోకి వచ్చి చేరింది. నాలుకకు అది ముందు ఉప్పగా, తరువాత చేదుగా తగిలి, ఆఖరున ముక్కులోకి ఎక్కే ఘాటుగా మారుతుంది. 2023లో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు, పులుపును గుర్తించే నాలుక కణాల్లోని ఓటాప్1 అనే మాంసకృత్తే అమ్మోనియం క్లోరైడ్‌కూ స్పందిస్తుందని చూపారు. ఉప్పు అనీ పులుపు అనీ తేల్చి చెప్పలేని ఆ రుచికి దీనివల్ల కొంత వివరణ దొరికింది.

ఈ బిళ్లలను తినటానికి హద్దు అవసరం. అతిమధురంలోని గ్లిసరైజిన్ అనే పదార్థం శరీరంలో పొటాషియాన్ని తగ్గించి, రక్తపోటును పెంచగలదు. నలభై ఏళ్లు దాటినవారు రోజుకు సుమారు 57 గ్రాముల నల్ల అతిమధురం మిఠాయి చొప్పున రెండు వారాలు తింటే గుండె లయ తప్పి ఆసుపత్రి పాలయ్యే అవకాశం ఉందని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిస్తోంది. జర్మనీలో నవాసారం రెండు శాతం దాటిన బిళ్లల మీద ఇవి పెద్దలకే, పిల్లలకు కాదు అన్న అర్థం వచ్చే మాట రాయటం ఆనవాయితీ. మొదటిసారి కొనేవారు రెండింతల ఉప్పు అని రాసిన డచ్చి ప్యాకెట్టుతో కాక, తీపి పాళ్లు ఎక్కువగా ఉన్న మెత్తని రకంతో ఆరంభించటం ఉత్తమం. రెండు మూడు బిళ్లల తరువాత కూడా నచ్చకపోతే దానిని అంతటితో వదిలిపెట్టటంలో తప్పేమీ లేదు. అన్ని రుచులూ అలవాటుతో ప్రియమవుతాయన్న మాట ఈ అర దగ్గర చెల్లదు.

ఆగ్నేయాసియా వరుసకు వచ్చేసరికి మళ్లీ సొంత పెరటి సరుకే. ఊదారంగు ఐస్‌క్రీములకూ జాములకూ మూలమైన ఊబె పెండలం దుంపలో ఒక రకం. కేకులను ఆకుపచ్చగా మార్చే పాండన్ ఆకు మొగలి జాతికి చెందినది, దాని పరిమళానికి కారణమైన పదార్థమే బాస్మతి బియ్యానికీ వాసననిస్తుంది. పనస తొనలు పాకంలో తేలుతుంటాయి. వీటి మధ్య థాయ్‌లాండ్ నుంచి వచ్చే ఒక డబ్బా మీద అంత స్పష్టంగా తెలియని ఇంగ్లిషు పేరు ఉన్నా, లోపల ఉన్నవి తాటిముంజలే. ఎండాకాలంలో కాయ కొట్టించి వేలితో తోడుకుని తినే లేతముంజను ఆశించి దాన్ని కొంటే నిరాశ తప్పదు, ఎందుకంటే ఉడికి, పాకంలో నెలల తరబడి నానిన ముంజలో ఆ నీరు ఉండదు, కండ గట్టిపడి, తీపి ఒక్కటే మిగులుతుంది. థాయ్ వంటవారు ఈ డబ్బా ముంజను కొబ్బరిపాలలో వేసే దినుసుగా వాడుకుంటారు. డబ్బాలోని పాకాన్ని వంపేసి, ముంజలను చల్లని నీటిలో ఒకసారి జాడించి, సన్నగా తరిగి, చిటికెడు ఉప్పు వేసిన చిక్కని కొబ్బరిపాలలో మంచుముక్కలతో కలిపితే ఆ అదనపు తీపి విరిగి, కొబ్బరిపాల కమ్మదనం ముంజకు పడుతుంది.